మతిమరుపు మెసేజ్‌లో నిజమెంత, గాలి మాటెంత

రెండు నెలల కింద మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చి పడింది. ఈపాటికి మీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. దండం పెట్టే బొమ్మలు, పువ్వులు తీసేస్తే అందులో ఉన్నది ఇంతే:

"అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే ఇంజెక్షన్ అమెరికాలో వచ్చేసింది. మన డాక్టర్లు కమిషన్ల కోసం దాచిపెడుతున్నారు. ఇక్కడ ఇచ్చే మాత్రలు వట్టి దండగ, మెదడును మొద్దుబారుస్తాయి, ఈరోజే ఆపేయండి. సరస్వతి ఆకు రసం, పసుపు, కొబ్బరినూనె 48 రోజులు ఇస్తే పోయిన జ్ఞాపకాలు తిరిగొస్తాయి. పసుపు తినే మనవాళ్లకు అసలు ఈ జబ్బే రాదు. వయసు మీద పడితే మతిమరుపు మామూలే, టెస్టులు అక్కర్లేదు. పది మందికి పంపండి."

మా గ్రూపులోనే మూడు వైపుల నుంచి మూడుసార్లు వచ్చింది. నవ్వుకుని వదిలేసేవాణ్ని. కానీ చిత్తూరులో ఉండే మా చిన్నమ్మ కొడుకు అది చదివిన రాత్రే ఆమె వాడుతున్న అల్జీమర్స్ మాత్ర ఆపేశాడు. ఆ సంగతి నాకు చెప్పింది ఆరు వారాల తర్వాత, గంగమ్మ జాతరకు తిరుపతి వచ్చినప్పుడు. అదీ మాటల మధ్యలో, ఏదో మంచి పని చేసినట్టు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. తిరుపతిలో ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మా నాన్న ఏడేళ్లు అల్జీమర్స్‌తో బతికాడు. కొండ మీదికి పోయే బస్సులో కండక్టరుగా చేసిన మనిషి, యాభై మందికి చిల్లర నోటి లెక్కతో ఇచ్చేవాడు. నూరులోంచి ఏడు తీసెయ్యమని డాక్టరు అడిగితే తొంభై మూడు అన్నాడు. అందులోంచి ఇంకో ఏడు తీసెయ్యమంటే నా మొహం చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది.

"పూర్తిగా నయం చేసే ఇంజెక్షన్ వచ్చేసింది"

ఇంజెక్షన్ వచ్చిన మాట నిజం. నయం చేస్తుందన్నది అబద్ధం.

1906లో అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ డాక్టరు, 55 ఏళ్లకే చనిపోయిన తన పేషెంటు ఒకావిడ మెదడును సూక్ష్మదర్శినిలో చూశాడు. కణాల మధ్య ఏవో గడ్డలు, కణాల లోపల చిక్కుపడ్డ దారపు పోగుల్లాంటివి కనిపించాయి. ఆ గడ్డల్లో ఉండేది అమైలాయిడ్ అనే ప్రోటీన్. కొత్త ఇంజెక్షన్లు ఈ అమైలాయిడ్‌ను ఊడ్చేస్తాయి. లెకానెమాబ్‌కు అమెరికాలో 2023 జనవరిలో తాత్కాలికంగా, జూలైలో పూర్తిగా అనుమతి వచ్చింది. డొనానెమాబ్‌కు 2024 జూలైలో వచ్చింది. మొదలుపెట్టేటప్పుడు మొదటిది రెండు వారాలకోసారి, రెండోది నాలుగు వారాలకోసారి నరంలోకి ఎక్కిస్తారు. గడ్డలు నిజంగానే తగ్గుతాయి, స్కాన్‌లో కనబడుతుంది కూడా. మరి మనిషి సంగతేమిటి?

లెకానెమాబ్‌ను 1,795 మంది మీద పద్దెనిమిది నెలలు పరీక్షించారు. సగం మందికి మందు, సగం మందికి ఉత్త సెలైన్ లాంటిది. జబ్బు ఎంత ముదిరిందో 18 మార్కుల కొలతలో లెక్కగట్టారు. ఇందులో మార్కులు పెరిగితే మనిషి దిగజారుతున్నట్టు. ఉత్తది తీసుకున్నవారికి 1.66 పెరిగాయి, మందు తీసుకున్నవారికి 1.21 పెరిగాయి. తేడా 0.45. పేపర్లలో "27 శాతం" అని వచ్చింది దీన్నే.

మన భాషలో చెప్పాలంటే, ఇద్దరు అలిపిరి మెట్లు దిగుతున్నారు. ఒకరు నూరు మెట్లు దిగేసరికి ఇంకొకరు డెబ్బై మూడు దిగారు. సగటున ఎవరూ పైకి ఎక్కలేదు, ఎవరూ ఆగలేదు. పద్దెనిమిది మార్కుల్లో అర మార్కు కూడా లేని ఆ తేడా ఇంట్లోవాళ్లకు తెలుస్తుందా లేదా అని డాక్టర్లే ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కొన్ని నెలలు ఎక్కువగా తన పని తాను చేసుకోగలిగితే అదీ లాభమే కదా అనేవాళ్లున్నారు. వాళ్ల మాట నేను కొట్టిపారేయను. అయితే ఆ కొన్ని నెలల కోసం ఏమేం ఒప్పుకోవాలో కూడా చూడాలి.

లెకానెమాబ్ తీసుకున్నవారిలో 12.6 శాతం మందికి మెదడులో వాపు కనిపించింది. 17.3 శాతం మందికి చిన్న చిన్న రక్తస్రావాలు, పాత రక్తపు మరకలు కనిపించాయి. మందు తీసుకోనివారిలో ఇవి 1.7, 9 శాతం. చాలామందికి బయటికి ఏ లక్షణమూ ఉండదు, ఎమ్మారై తీస్తేనే తెలుస్తుంది. కొద్దిమందికి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. డొనానెమాబ్ పెద్ద పరీక్షలో మందుతో ముడిపడినవిగా లెక్కించిన మరణాలు మూడు. ఏపీవోఈ4 అనే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వచ్చినవారికి ఈ ముప్పు బాగా ఎక్కువ. రక్తం పలచబడే మందులు వాడేవారి విషయంలోనూ చాలా జాగ్రత్త పడాలి. గుండె జబ్బుతో అలాంటి మందులు వాడే పెద్దవాళ్లు మా షాపుకు రోజూ వస్తుంటారు. వాళ్ల పిల్లలే నన్ను ఈ ఇంజెక్షన్ గురించి అడుగుతుంటారు.

ఇంకొకటి. ఇది జబ్బు మొదటి మెట్టులో ఉన్నవారికే. అదీ మెదడులో అమైలాయిడ్ ఉందని ప్రత్యేకమైన స్కాన్‌తోనో, వెన్ను నీరు తీసి చేసే పరీక్షతోనో తేలాకే. మధ్య మధ్యలో ఎమ్మారైలు తప్పవు. కన్నబిడ్డ పేరు మర్చిపోయే దశకు వచ్చినవారి మీద దీన్ని పరీక్షించనే లేదు. మన ఇళ్లలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది సరిగ్గా ఆ దశలోనే.

ఖర్చు సరేసరి. అమెరికాలో లెకానెమాబ్‌కు మొదట పెట్టిన ధర ఏడాదికి 26,500 డాలర్లు. మన లెక్కలో ఇరవై లక్షల పైమాటే. స్కాన్లు, ఆసుపత్రి ఖర్చు వేరే.

"డాక్టర్లు దాచిపెడుతున్నారు" అంటారా? 2024 ఆగస్టులో బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. లెకానెమాబ్ వాడుకోవచ్చని ఒక ప్రభుత్వ సంస్థ అనుమతి ఇచ్చింది. వచ్చే లాభానికి ఇంత ఖర్చు తగదు, ప్రభుత్వ వైద్యంలో ఇవ్వొద్దని అదే రోజు ఇంకో ప్రభుత్వ సంస్థ తన ముసాయిదాలో చెప్పింది. రెండూ బహిరంగంగానే. వీటికి ముందొచ్చిన అడ్యుకానుమాబ్ కథ ఇంకా పెద్దది. నిపుణుల సలహా సంఘం వద్దన్నా 2021 జూన్‌లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. సంఘంలో ముగ్గురు రాజీనామా చేసి బయటికొచ్చారు. 2024 జనవరిలో కంపెనీయే ఆ మందును వదిలేస్తున్నట్టు ప్రకటించింది. అంతకుముందు 2010లో సెమగాసెస్టాట్ అనే ఇంకో మందు పరీక్షను మధ్యలోనే ఆపేశారు, వాడినవారి స్థితి వాడనివారికన్నా దిగజారిందని. ఈ జబ్బు మందుల చరిత్రలో ఓడిపోయినవే ఎక్కువ. అదంతా నలుగురికీ తెలిసేలాగే జరిగింది.

"ఇక్కడ ఇచ్చే మాత్రలు వట్టి దండగ, ఈరోజే ఆపేయండి"

మెసేజ్ మొత్తంలో నాకు ఒళ్లు మండింది ఈ వాక్యానికే. ఇందులోనూ ఒక పిసరు నిజం ఉంది. ఆ పిసరు వల్లే జనం నమ్ముతున్నారు.

మన దగ్గర ఎక్కువగా రాసేది డోనెపెజిల్. అమెరికాలో 1996లో వచ్చింది. ఆ తర్వాత రివాస్టిగ్మిన్, గాలంటమిన్. మూడూ ఒకే దారిలో పనిచేస్తాయి. జ్ఞాపకానికి, శ్రద్ధకు పనికొచ్చే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఈ జబ్బులో తగ్గిపోతుంది, దాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతుంటాయి గనక. ఉన్న కాస్త రసాయనాన్నీ విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. మాత్ర ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. తొట్టి అడుగున కారే బొక్కను గుడ్డపీలికతో మూసినట్టు అన్నమాట. కొన్నాళ్లు నీళ్లు నిలుస్తాయి. పైనుంచి పడే కొళాయి ధార మాత్రం రోజురోజుకూ సన్నబడుతూనే ఉంటుంది. అంటే జబ్బు ముదరడాన్ని ఈ మాత్ర ఆపదు. ఆపుతుందని మీకు ఎవరైనా చెప్పి ఉంటే అదీ తప్పే. మెమాంటిన్ అనే నాలుగో మందు వేరే దారిలో పనిచేస్తుంది, జబ్బు మధ్య దశకు చేరాక ఇస్తారు.

లాభం ఎంత? చాలా పరీక్షలు కలిపి చూస్తే, ఆరు నెలల దగ్గర 70 మార్కుల పరీక్షలో సగటున మూడు మార్కులకు కాస్త తక్కువ తేడా. కొందరిలో బాగా తెలుస్తుంది, కొందరిలో ఏమీ తెలియదు. బ్రిటన్‌లో 565 మందితో చేసి 2004లో బయటపెట్టిన పరీక్షలో, డోనెపెజిల్ వాడినందువల్ల వృద్ధాశ్రమంలో చేర్చే రోజు వెనక్కి జరగలేదని తేలింది. మెసేజ్ రాసిన మనిషికి ఇది తెలిసి ఉంటే ఎగిరి గంతేసేవాడు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. అదే బ్రిటన్‌లో 2012లో ఇంకో పరీక్ష ఫలితం వచ్చింది. ఈసారి 295 మంది. అందరూ అప్పటికే డోనెపెజిల్ వాడుతున్నవారు, జబ్బు మధ్య దశకో ముదిరిన దశకో చేరినవారు. కొందరికి మాత్ర కొనసాగించారు, కొందరికి ఆపేశారు. ఏడాది పొడుగునా చూస్తే, కొనసాగించినవారికి 30 మార్కుల పరీక్షలో సగటున రెండు మార్కుల దాకా ఎక్కువ వచ్చాయి. ఆ మనుషుల్నే తర్వాత కూడా గమనించారు. మాత్ర ఆపినవారిలో మొదటి ఏడాదిలో ఎక్కువ మంది వృద్ధాశ్రమానికి చేరారు. ఆ పైన మూడేళ్లలో మాత్రం తేడా కనిపించలేదు.

మొదలుపెడితే లాభం కొంచెమే. ఎలా పడితే అలా ఆపితే నష్టం ఉండొచ్చు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. ఆరు వారాల పాటు ఆపేస్తే మాత్రతో వచ్చిన తేడా కాస్తా పోతుందని కూడా పరీక్షల్లో చూశారు. మా తమ్ముడు నాకు చెప్పింది సరిగ్గా ఆరు వారాలకు.

ఆపకూడదని నేననడం లేదు. మా నాన్నకు చివరి రెండేళ్లు డోనెపెజిల్ లేదు. తిండి తగ్గి, ఒళ్లు తగ్గిపోతుంటే డాక్టరే మోతాదు తగ్గించి, నెల తర్వాత ఆపేశారు. మొదట్లో అది పనిచేసిందా అంటే, మాత్ర మొదలైన రెండో నెల నుంచి దాదాపు పది నెలలు పాల ప్యాకెట్‌కు చిల్లర సరిగ్గా లెక్కపెట్టి తెచ్చేవాడు. అది మాత్ర వల్లేనా అంటే నేను చెప్పలేను. కాణిపాకంలో ప్రమాణం చెయ్యమంటే అసలే చెయ్యను.

ఇక "మెదడును మొద్దుబారుస్తాయి" అన్న మాట. ఈ మాత్రలకు బాధలున్నాయి. వికారం, విరేచనాలు, ఆకలి మందగించడం, పీడకలలు. కలలు ఎక్కువైతే రాత్రి మాత్రను పొద్దుటికి మార్చమని డాక్టర్లే చెబుతారు. గుండె వేగం తగ్గి కళ్లు తిరిగి పడిపోవడం అసలైన ప్రమాదం. బీపీకి అటెనోలాల్, మెటోప్రొలాల్ లాంటివి వాడేవారికి అది ఇంకా ఎక్కువ. రివాస్టిగ్మిన్ పట్టీ వాడేవారు పాతది పీకకుండా కొత్తది అంటిస్తే మోతాదు రెట్టింపై వాంతులు పట్టుకుంటాయి. మొద్దుబారడం మాత్రం సాధారణంగా వేరే మందుల పని. నిద్రమాత్రలు, దురదకు జలుబుకు వాడే పాత తరం అలర్జీ మాత్రలు, మూత్రం ఆగడానికి ఇచ్చే కొన్ని మందులు. వీటిలో చివరి రెండు రకాలు ఎసిటైల్‌కోలిన్‌కు అడ్డం పడతాయి. ఒక చేత్తో డోనెపెజిల్, ఇంకో చేత్తో దానికి విరుగుడు.

ఈ తప్పు నేనే చేశాను. నాన్నకు ముక్కు కారుతుంటే షాపులోంచి క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న జలుబు మాత్ర తెచ్చి మూడు పూటలు వేశాను. రెండు రోజులు ఇంట్లో ఉన్నానని తెలియక, బస్సు ఎప్పుడు కదులుతుందని అడుగుతూనే ఉన్నాడు. జబ్బు ముదిరిందనుకుని మా ఆవిడ ఏడ్చింది. మూడో రోజు మాత్ర మానేస్తే సర్దుకుంది. ఇరవై ఏళ్లు మందులు అమ్మినవాడికి తట్టని సంగతి ఇది.

కమిషన్ మాట కూడా చెప్పేస్తాను. డోనెపెజిల్ పేటెంట్ పోయి చాలా ఏళ్లైంది, బోలెడు కంపెనీలు చేస్తున్నాయి. అమ్మేవాణ్ని కాబట్టి నన్ను అనుమానించండి, పర్వాలేదు. డాక్టర్ని అడిగాక ఆపండి, నా వ్యాపారం పోతే పోయింది.

"48 రోజుల్లో జ్ఞాపకాలు తిరిగొస్తాయి"

సరస్వతి ఆకు పప్పులో వేసుకోండి, పచ్చడి చేసుకోండి. నాకేమీ అభ్యంతరం లేదు. కాకపోతే సరస్వతి ఆకుకే ఇంకో పేరైన బ్రాహ్మి అన్న పేరుతో మన దేశంలో రెండు వేర్వేరు మొక్కలు తిరుగుతున్నాయి. మెసేజ్ రాసినాయనకు అందులో ఏది కావాలో ఆయనకే తెలియాలి. రెండింటి మీదా చిన్న చిన్న పరిశోధనలున్నాయి. పోయిన జ్ఞాపకాన్ని అల్జీమర్స్ రోగిలో తిరిగి తెచ్చినట్టు పెద్ద పరీక్ష ఏదీ చూపలేదు. కొబ్బరినూనెదీ అదే పరిస్థితి. పెద్ద పరీక్ష జరిగింది గింకో అనే చెట్టు ఆకు సారం మీద. 75 ఏళ్లు, ఆ పైబడిన 3,069 మందికి ఆరేళ్లపాటు ఇచ్చి చూశారు, 2008లో ఫలితం చెప్పారు. డిమెన్షియా, అంటే అల్జీమర్స్‌తో సహా మతి క్షీణించే జబ్బులు, రావడం ఏమీ తగ్గలేదు. అయినా ఆ గోలీల కోసం మా షాపుకు వచ్చేవాళ్లు తగ్గలేదనుకోండి. జ్ఞాపకశక్తి పెంచుతామని ఏ మందూ చెప్పుకోకూడదని మన దేశపు ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ జే అనే జాబితాలోనే ఉంది. వాట్సాప్‌కు ఆ షెడ్యూలు వర్తించదు కాబోలు.

మరి "మా అమ్మకు బాగైంది" అని చెప్పేవాళ్లంతా అబద్ధాలాడుతున్నారా? లేదు. పుత్తూరు కట్టు మీద మన జిల్లాలో ఎంత నమ్మకముందో నాకు తెలుసు. ఎముక అతికిందో లేదో నడిస్తే తెలుస్తుంది, ఎక్స్‌రే తీస్తే కనబడుతుంది. మతిమరుపుకు ఇంట్లో అలాంటి కొలత లేదు. ఈ జబ్బులో ఒకరోజు మేలు, ఒకరోజు కీడు. ఏ మందు మొదలుపెట్టినా ముందో వెనకో ఒక మంచిరోజు వస్తుంది.

మా షాపుకు వచ్చే ఒకాయన సంగతి చెబుతాను. వాళ్ల నాన్న నాలుగు రోజుల్లో ఉన్నట్టుండి పూర్తిగా మారిపోయాడు. పగలు నిద్ర, రాత్రి కేకలు. చూస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్. ఐదు రోజులు యాంటీబయోటిక్ రాశారు, నేనే ఇచ్చాను. అదే వారం ఇంట్లో ఆకు రసం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి పెద్దాయన మునుపటిలా అయ్యాడు. ఇప్పుడా వీధిలో ఎవరినడిగినా ఆకు రసం మహిమ అనే చెబుతారు. నా యాంటీబయోటిక్‌ను తలచుకునే దిక్కు లేదు.

"పసుపు తినే మనకు రాదు"

రాని జబ్బుకు పై వాక్యంలోనే మందెందుకు చెప్పాడో గానీ, దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన దేశవ్యాప్త పరిశోధన అంచనా. అంటే దాదాపు 88 లక్షల మంది. అందులో ఎక్కువ భాగం అల్జీమర్సే. పసుపు లేకుండా కూర వండే ఇల్లు చిత్తూరు జిల్లాలో నేను చూడలేదు. మా చిన్నమ్మ వేళ్లకైతే ఆ రంగు ఎప్పుడూ పోయేది కాదు.

"వయసు మతిమరుపుకు టెస్టులు అక్కర్లేదు"

ఈ మాట పట్టుకుని ఇంట్లో కూర్చుంటే, నిజంగా నయమయ్యే మనుషుల్ని పోగొట్టుకుంటాం. మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. బీ12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా, దిగులు జబ్బు పట్టినా మతి తప్పుతుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 తగ్గొచ్చు, శాకాహారులైతే ఇంకా తేలిగ్గా తగ్గుతుంది. పెద్దవాళ్లు జారిపడి తలకు చిన్న దెబ్బ తగిలితే పుర్రె లోపల నెమ్మదిగా రక్తం చేరి, కొన్ని వారాల తర్వాత తికమక మొదలవుతుంది. అప్పటికి ఆ పడడం అందరూ మర్చిపోయి ఉంటారు. సీటీ స్కాన్‌లో అది కనబడితే దారి ఉంది. వీటికి అమెరికా పోనక్కర్లేదు. మామూలు రక్త పరీక్షలు, ఒక స్కాన్. తిరుపతి స్విమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. చిత్తూరువాళ్లకు వేలూరు ఎలాగూ దగ్గరే.

ముందు జాగ్రత్త కావాలనేవారికి ఒక సంగతి. లాన్సెట్ పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం 2024లో 14 కారణాలు లెక్కగట్టింది. బీపీ, షుగరు, చెడ్డ కొలెస్ట్రాల్, పొగ, వినికిడి లోపం, చూపు మందగించడం, ఒంటరితనం వగైరా. వాటన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియాను రాకుండానో ఆలస్యంగానో చేయొచ్చని వారి అంచనా. చెవి మిషన్ పెట్టుకోమంటే నామోషీ అంటారు, అదే మనిషి ఇంజెక్షన్ ధర అడుగుతాడు.

ఈ జవాబంతా గ్రూపులో పెట్టాను. ఇద్దరు దండం బొమ్మ పెట్టారు, ఒకాయన "మంచి సమాచారం" అంటూ మళ్లీ పాత మెసేజ్‌నే పంపాడు. తమ్ముడు మాత్రం రాత్రి పదింటికి ఫోన్ చేశాడు.

"అన్నా, ఆ మాత్ర స్ట్రిప్పులో ఇంకా ఆరున్నాయి. ఈ రాత్రి నుంచే వేసేదా?"

"అవి పది మిల్లీగ్రాములవి నాయనా, వేయొద్దు. ఇన్నాళ్లు ఆపాక ఒంటికి అలవాటు పోయుంటుంది. మళ్లీ మొదలుపెట్టాలంటే డాక్టరు నాడి చూసి, ఐదుతో మొదలుపెడతాడు. అసలు మళ్లీ కావాలో వద్దో కూడా ఆయనే చెప్పాలి."

"అమ్మ ఇప్పుడు బాత్రూముకు దారి కూడా అడుగుతోందన్నా. నేను ఆపినందుకేనంటావా?"

అయ్యుండొచ్చు, జబ్బు ముదిరీ ఉండొచ్చు, తెలియదన్నాను. నిజంగానే తెలియదు. బుధవారం బండి పంపిస్తాను, చిన్నమ్మను తీసుకురమ్మన్నాను. వచ్చేటప్పుడు ఆ స్ట్రిప్పు, బీపీ మాత్రల చీటీ, పోయిన నెల దగ్గుకు తెచ్చిన సిరప్ సీసా కూడా సంచిలో వేసుకు రమ్మని చెప్పాను. సిరప్ ఎందుకన్నా అన్నాడు.

"సీసా మీద ఏం రాసుందో నేను చదవాలి."